1600 డస్ట్ పోసిన కార్డు ఎన్ని నెలలు బతుకుతుంది? హార్త్‌స్టోన్ రొటేషన్ మీద ఒక పాత ఆటగాడి సమీక్ష

హార్త్‌స్టోన్ అనే ఆన్‌లైన్ కార్డుల ఆటలో ఏటా పాత సెట్ల కార్డులను ప్రధాన పోటీ నుంచి దించేస్తారు, దాన్నే రొటేషన్ అంటారు. అది ఉండాలా వద్దా అన్నదాని మీద నాకు పేచీ లేదు. ఉండాల్సిందే. 2015లో ఆడినవాళ్లకు విడమరిచి చెప్పే పనే లేదు. ఎవరితో ఆడినా నాలుగు మానాకు (మానా అంటే కార్డు దించడానికయ్యే ఖర్చు) పైలటెడ్ ష్రెడర్, ఐదుకు స్లడ్జ్ బెల్చర్, ఏడుకు డాక్టర్ బూమ్. ష్రెడర్‌ను చంపితే దాంట్లోంచి ఇంకోటి దిగేది. బెల్చర్‌ను చంపితే ఇంకో టాంట్, అంటే ముందు దాన్నే కొట్టక తప్పనిది, అడ్డం నిలబడేది. బూమ్‌ను ఎలాగో వదిలించుకున్నా ఆయన వెంట వచ్చిన రెండు బాంబులు పేలి ఎవర్ని తగులుకుంటాయో తెలిసేది కాదు. రెండు ష్రెడర్లు, రెండు బెల్చర్లు, ఒక బూమ్ అంటే 30 కార్డుల డెక్‌లో ఐదు ముందే రాసిపెట్టినట్టు. 2016 ఏప్రిల్‌లో కొత్త సెట్లతోనే ఆడే స్టాండర్డ్ వచ్చి, నాక్స్‌రామస్, గోబ్లిన్స్ వర్సెస్ నోమ్స్ సెట్లు పాతవన్నీ చెల్లే వైల్డ్‌కు వెళ్లాక గానీ ఆటకు ఊపిరాడలేదు. అప్పటి నుంచి ఏటా ఈ తంతు చూస్తూనే ఉన్నాను, ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదనే అంటాను.

నా కోపమంతా ఒకేదాని మీద. కార్డుకు ఆయుష్షు తగ్గుతుంది, ధర మాత్రం తగ్గదు.

అక్కర్లేని కార్డులను కరిగిస్తే డస్ట్ వస్తుంది, దాంతో కావలసిన కార్డు తయారుచేసుకోవడమే క్రాఫ్ట్. అన్నిటికంటే అరుదైన రకమైన లెజెండరీ క్రాఫ్ట్ చేయాలంటే 1600 డస్ట్. సెట్ వచ్చిన మొదటి రోజు చేసినా 1600, రొటేషన్‌కు వారం ముందు చేసినా 1600. పైగా సెట్లన్నీ ఒకే ఆయుష్షుతో పుట్టవు. ఏడాదికి మూడు ఎక్స్‌పాన్షన్లు, అంటే కొత్త సెట్లు, వస్తాయి, పోయేటప్పుడు మాత్రం మూడూ ఒకే రోజు మూటగట్టుకుని పోతాయి. 2022నే తీసుకోండి. సంకెన్ సిటీ ఏప్రిల్‌లో వచ్చింది, క్యాజిల్ నాథ్రియా ఆగస్టులో, లిచ్ కింగ్ డిసెంబర్‌లో. మూడూ 2024 మార్చిలో స్టాండర్డ్ నుంచి దిగిపోయాయి. అంటే మొదటిదానికి 23 నెలలు, రెండోదానికి 19, మూడోదానికి 15. ఇక లిచ్ కింగ్‌కు తోకలా 2023 ఫిబ్రవరిలో వచ్చిన నాక్స్‌రామస్ మినీ సెట్‌కు దక్కింది 13 నెలలే. మొదటి రోజే లెజెండరీ చేసుకున్నారనుకున్నా, సంకెన్ సిటీ కార్డు నెలకు 70 డస్ట్ పడుతుంది, లిచ్ కింగ్ కార్డు 107 పడుతుంది, మినీ సెట్ కార్డు 123. సరుకు ఒకటే, రేటు ఒకటే, వాడుకునే రోజులు మాత్రం దాదాపు సగం.

చిత్తూరు యార్డులో తోతాపురి కాయకు ఇంకెన్ని రోజులు నిలుస్తుందో చూసే రేటు కడతారు. ఇక్కడ రేపు కుళ్లిపోయే కాయకూ నిన్న కోసిన కాయకూ ఒకే బోర్డు.

దీంట్లో బాగా దెబ్బతినేది సెలవుల్లో ఆడేవాళ్లు. తిరుపతి హాస్టళ్లలో ఉండే పిల్లలకు తీరిక దొరికేది సంక్రాంతికి. ఇంటికొస్తారు, ఫోన్ చేతిలో ఉంటుంది, డస్ట్ నిండుగా ఉంటుంది, ఎవరో ఆడుతున్న డెక్ నచ్చుతుంది, చేసేస్తారు. జనవరి మధ్యలో చేసిన కార్డు కిందటేడాది సెట్‌లోది కాకుండా అంతకు ముందటేడాదిది అయితే దానికి మిగిలింది రెండు నెలలు, మహా అయితే మూడు. సెలవులైపోయి వార్షిక పరీక్షలు ముగించుకుని మళ్లీ ఆట తెరిచేసరికి ఆ డెక్‌తో స్టాండర్డ్‌లో అడుగు పెట్టనివ్వరు. 2025లో కొత్త సెట్ మార్చి 25న దిగింది, ఇంకో ఐదు రోజులకు విశ్వావసు ఉగాది. ఒక్కో ఏడు రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది గానీ, ఉగాది దరిదాపుల్లోనే అని గుర్తుపెట్టుకుంటే చాలు.

కార్డు ఏ సెట్‌దో తెలుసుకోవడం కష్టం కాదు. దాని మీద రాసిన అక్షరాల వెనక లేతగా సెట్ గుర్తు కనిపిస్తుంది. కలెక్షన్‌లో సెట్ ఫిల్టర్ కూడా ఉంది. కానీ డెక్ కోడ్ అతికించి, లేని కార్డులన్నీ వరసగా క్రాఫ్ట్ కొట్టేవాళ్లు ఆ గుర్తు వైపు చూడరు.

ఇంతకంటే లోతైన దెబ్బ ఇంకోటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. మీ కార్డుకు ఇంకా ఏడాది ఆయుష్షున్నా, దాన్ని నిలబెట్టే కార్డులు ముందే పోవచ్చు. దీనికి మొట్టమొదటి రొటేషన్‌కు మించిన ఉదాహరణ లేదు. మిస్టీరియస్ ఛాలెంజర్ అని పాలడిన్ క్లాస్‌కు ఒక ఎపిక్ (లెజెండరీకి ఒక మెట్టు కింది రకం), 2015 ఆగస్టులో గ్రాండ్ టోర్నమెంట్ సెట్‌తో వచ్చింది. ఆరు మానా, 6/6 (దాడి, ప్రాణం), దిగగానే డెక్‌లో ఉన్న ఒక్కో రకం సీక్రెట్‌నూ, అంటే దాచిపెడితే సమయం చూసి పేలే కార్డునూ, ఒక్కోటి చొప్పున లాగి పెట్టేస్తుంది. ఆ రోజుల్లో ఆరో టర్న్ వస్తోందంటే ఎదుటివాడి గుండెలు జారిపోయేవి. దానికి స్టాండర్డ్‌లో 2017 వసంతం దాకా చోటుంది. అయితే 2016 ఏప్రిల్‌లో ఏమైంది? రెండో మానాకు దిగే షీల్డెడ్ మినీబాట్ పోయింది. మూడుకు మస్టర్ ఫర్ బ్యాటిల్ పోయింది, అంటే ముగ్గురు 1/1 సైనికులు, ఒక ఆయుధం. నాలుగుకు ష్రెడర్ పోయింది. పైనున్న బూమ్ పోయాడు. అన్నిటికంటే ముఖ్యం, అవెంజ్ సీక్రెట్ పోయింది.

ఇప్పుడు ఆరో టర్న్‌లో జరిగేది చూడండి. అవెంజ్ అంటే మనవాడు ఒకడు చస్తే మిగిలినవాళ్లలో ఒకడికి +3/+2 వచ్చి చేరుతుంది. నోబుల్ శాక్రిఫైస్ ఒకడిని బలిచ్చేది, ఆ చావుకు అవెంజ్ లేచేది, ఛాలెంజర్ కాస్తా 9/8 అయి కూర్చునేవాడు. అవెంజ్ లేకపోతే ఆ గొలుసు మధ్యలో తెగిపోయింది. రెండు, మూడు, నాలుగు మానాల్లో బోర్డు పట్టుకునేవాళ్లూ లేరు కాబట్టి, ఛాలెంజర్ దిగేసరికి ఎదుటివాడి మందంతా బోర్డు మీద ఉండేది. కార్డు మీద ఒక్క అక్షరం మారలేదు. స్టాండర్డ్‌లో చెల్లుబాటే. రెండు కాపీలకు 800 డస్ట్ పెట్టినవాళ్లకు మాత్రం ఏడాది ముందే చచ్చింది. డస్ట్ చేస్తే తిరిగొచ్చేది 200.

అందుకే లెజెండరీ అయినా ఎపిక్ అయినా చేసే ముందు, డెక్‌లో మిగతా కార్డులు ఏయే సెట్లవో కాగితం మీద రాయండి. ఈ వసంతంలో పోయేవి ఎన్ని అన్నదానికంటే, అవి ఏ మానా దగ్గర ఉన్నాయన్నది చూడండి. పైన ఏడు, ఎనిమిది మానాల్లో నాలుగు పోయినా వేరేవి దొరుకుతాయి. రెండు, మూడు మానాల్లో నాలుగు పోయాయంటే ఆ డెక్ మీద ఇంక డస్ట్ పెట్టకండి. డెక్‌లోంచి చేతికి కార్డులు తెచ్చేవి, కావలసిన కార్డు వెతికిపెట్టేవి పోతున్నా అంతే, వాటికి బదులు దొరకడం చాలా కష్టం.

ఒకప్పుడు ఈ ఆటే డస్ట్ విషయంలో చేయి పెద్దదిగా ఉండేది, అదీ చెప్పాలి. 2017లో అప్పట్లో ఎప్పుడూ స్టాండర్డ్‌లోనే ఉండే క్లాసిక్ సెట్ నుంచి ఆరు కార్డులను హాల్ ఆఫ్ ఫేమ్‌కు, అంటే స్టాండర్డ్‌లో ఇక చెల్లని జాబితాకు, పంపారు: సిల్వానస్, రాగ్నరోస్, అజూర్ డ్రేక్, ఐస్ లాన్స్, కన్సీల్, పవర్ ఓవర్‌వెల్మింగ్. కార్డులు మన దగ్గరే ఉంచి, పూర్తి డస్ట్ ఇచ్చారు. ఆరింటినీ మామూలు రకంలో పూర్తిగా పెట్టుకున్నవాళ్లకు 3640 డస్ట్ ఊరికే వచ్చి పడింది. 2019లో గెన్, బాకు అనే లెజెండరీల వంతు వచ్చింది. వాళ్లను పోవాల్సిన సమయానికి ఏడాది ముందే పంపించేశారు, మళ్లీ పూర్తి డస్ట్. తెలిసినవాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. పంపబోతున్నారని చెప్పగానే గోల్డెన్ లెజెండరీ, అంటే అదే కార్డు బంగారు రూపం, 3200 పెట్టి చేసుకున్నారు, ఆ రోజు 3200 తిరిగొచ్చింది, ఆ తర్వాత గోల్డెన్‌ను డస్ట్ చేసి ఇంకో 1600 వెనకేసుకున్నారు. మామూలుది చేసినవాళ్లకు మిగిలింది 400.

2021లో కోర్ సెట్ వచ్చాక ఈ పండగ ముగిసింది. కోర్ సెట్ మంచిదే. 235 కార్డులు ఉచితం, కొత్తగా చేరినవాడు మొదటి వారంలోనే ఒక డెక్ కట్టుకోగలడు. అలెక్స్‌ట్రాజా, డెత్‌వింగ్, మాలిగోస్, ఒనిక్సియా, ఇసెరాల కొత్త రూపాలన్నీ డబ్బు ఖర్చు లేకుండా చేతికొచ్చాయి. అప్పట్లో నేనూ దాన్ని తెగ పొగిడాను. ఇప్పుడు ఆ పొగడ్తను కొంచెం సవరించుకోవాలి. కోర్ కార్డు మనది కాదు, ఆ ఏడాదికి చేబదులు. డస్ట్ చేయడానికి రాదు. ఏటా జాబితా మారుతుంది, మన డెక్‌కు వెన్నెముక లాంటి కార్డును తీసేస్తే దానికి సున్నా. కొత్త జాబితా రొటేషన్‌కు కొన్ని వారాల ముందే బయటికొస్తుంది కాబట్టి, అది చూడకుండా మార్చిలో ఏమీ చేయకూడదు. ఇందులో ఒక మంచి కూడా ఉంది. మీరు దాచుకున్న పాత కార్డు కోర్‌లోకి తిరిగొస్తే, మీ పాత కాపీ కూడా స్టాండర్డ్‌లో చెల్లుతుంది. గోల్డెన్ ఉంచుకున్నవాళ్లకు ఆ రోజు సరదాగా ఉంటుంది.

ఇక దిగిపోయిన కార్డులను డస్ట్ చేయడం గురించి. కామన్‌కు 40 పెడితే వెనక్కొచ్చేది 5. రేర్‌కు 100కి 20. ఎపిక్, లెజెండరీలకు పావు వంతు. ఒక కొత్త లెజెండరీ కావాలంటే నాలుగు పాత లెజెండరీలు మంటలో వేయాలి, కామన్లయితే 320. ఆ లెక్క చూశాక కూడా చేయాల్సిందే అనుకుంటే, ముందు గోల్డెన్లు తీయండి. గోల్డెన్ లెజెండరీకి 1600 వస్తుంది, సరిగ్గా ఒక మామూలు లెజెండరీ ధర. గోల్డెన్ కామన్‌కు 50, అంటే మామూలు కామన్లు పది. మామూలు లెజెండరీలను అన్నిటికంటే చివర ముట్టుకోండి.

వీలైతే అసలు ముట్టుకోకండి. కారణం నాగా సీ విచ్. లీగ్ ఆఫ్ ఎక్స్‌ప్లోరర్స్‌లో వచ్చిన ఎపిక్, 2017లో స్టాండర్డ్ నుంచి దిగిపోయింది. ఎవరికీ అక్కర్లేని కార్డని చాలామంది 100కి అమ్ముకున్నారు. తర్వాత ఆటలో ఖర్చు లెక్కించే వరస మారేసరికి, వైల్డ్‌లో అది జెయింట్లు అనే ఖరీదైన కార్డులన్నిటినీ సున్నా మానాకు దించేయడం మొదలుపెట్టింది. 2018లో దాని ఖర్చు ఐదు నుంచి ఎనిమిదికి పెంచారు. నెర్ఫ్ అయిన, అంటే బలం తగ్గించిన, కార్డుకు రెండు వారాల పాటు పూర్తి డస్ట్ ఇస్తారు కాబట్టి, ఉంచుకున్నవాళ్లకు కాపీకి 400 వచ్చింది. ప్రతి పాత కార్డుకూ ఇలా జరగదు, చాలావాటికి ఎప్పటికీ జరగదు. అయినా పావు వంతుకు అమ్మేసే తొందర ఏముంది?

ఆటలో సంపాదించుకునే గోల్డ్ విషయం చిన్నదే. జనవరి నుంచి ప్యాకులు కొనడం ఆపేసి దాచుకోండి. ప్యాక్ 100 గోల్డ్. కొత్త సెట్‌లో మొదటి పది ప్యాకుల్లో ఒక లెజెండరీ ఖాయం, ఆ తర్వాత ఎంత దురదృష్టమైనా 40 ప్యాకుల లోపు ఇంకోటి వస్తుంది. ఏడాదిలో మొదటి సెట్‌దే పొడుగు ఆయుష్షు కాబట్టి గోల్డ్ అక్కడ పెట్టడమే లాభం. ఇంకో ముక్క, అమెరికా, యూరప్, ఆసియా సర్వర్లలో దేని కలెక్షన్ దానిదే. ఒకచోట కూడబెట్టిన డస్ట్ ఇంకోచోటికి రాదు. కొత్త సెట్ మామూలుగా మన గడియారంలో రాత్రి పదిన్నరకు దిగుతుంది. ఫోన్‌లో కొన్ని జీబీలు ఖాళీ పెట్టుకుని, హాస్టల్ వైఫై మీద అందరూ పడే వేళ కాకుండా పొద్దున్నే దించుకోవడం సుఖం.

మ్యాజిక్ అరీనా అనే ఇంకో కార్డుల ఆట ఆడేవాళ్లు దీన్ని చూసి నవ్వుకుంటారు. అక్కడ కార్డును కరిగించే వీలే లేదు, కావలసిన కార్డుగా మార్చుకునే వైల్డ్‌కార్డ్ ఖర్చుపెట్టాక ఆ కార్డు ఇక మీ దగ్గరే. 2023 నుంచి అక్కడి స్టాండర్డ్‌లో సెట్లు మూడేళ్ల దాకా నిలుస్తున్నాయి. కానీ పొరపాటున చేసుకున్న కార్డుకు అక్కడ పావు వంతు కూడా తిరిగిరాదు, అదీ చూసుకోవాలి.

నా వరకైతే నేను డబ్బు పెట్టను, క్వెస్టుల గోల్డే ఆధారం, రెండు క్లాసులకు మించి ఆడను. ఇలాంటివాడికి రొటేషన్ ఏటా చేతికొచ్చిన డెక్‌ను లాక్కుపోయినా, మళ్లీ ఆడబుద్ధి పుట్టించేదీ అదే. ఐదులో మూడున్నర ఇస్తాను. ఆయుష్షును బట్టి క్రాఫ్ట్ ధర తగ్గించిన రోజు ఇంకో అర కలుపుతాను. ప్రతి సెట్‌కూ ముందుగానే డబ్బు కట్టి ప్యాకులు కొనేవాళ్లకు నా నెలవారీ లెక్కతో పనిలేదు, పదకొండు క్లాసులూ ఆడేవాళ్లకు నా గోల్డ్ సలహా సరిపోదు. వైల్డ్ ఒక్కటే ఆడేవాళ్లు ఇందులో చాలా భాగం వదిలేయొచ్చు, పాతవి డస్ట్ చేయొద్దన్న ముక్క తప్ప.