ఏడాది పొడవు సెలవా, తరచూ చిన్న సెలవులా?

విదేశంలో సేవ చేసే మిషనరీలు స్వదేశానికి రావడానికి సాధారణంగా రెండు పద్ధతులు: నాలుగేళ్లకోసారి దాదాపు ఏడాది, లేదా ఏటా రెండు మూడు నెలలు. ఓడ ప్రయాణాల రోజుల్లో ఈ రెండో పద్ధతి కుదిరేదే కాదు. 1793లో బెంగాల్ చేరిన ఇంగ్లిష్ మిషనరీ విలియం కేరీ 1834లో చనిపోయేదాకా ఇంగ్లండ్ తిరిగి వెళ్లలేదు.

బడికెళ్లే పిల్లలుంటే ఏడాది సెలవే మేలని మా అభిప్రాయం. ఒక తరగతి పూర్తవుతుంది. వాయిదా వేసిన ఆపరేషన్ చేయించుకుని కోలుకునే వ్యవధీ దొరుకుతుంది. ఆర్థికంగా ఆదుకునే చర్చి సంఘాలకు పావుగంట నివేదికతో సరిపెట్టక, విశ్వాసుల ఇళ్లలో కూర్చుని వాళ్ల ప్రశ్నలూ వినొచ్చు.

అసలు చిక్కు సేవ చేసే దేశంలో ఉంటుంది. బాధ్యతల అప్పగింత కనీసం ఆరు నెలల ముందే మొదలవ్వాలి: తాళాలు, బ్యాంకు సంతకాలు, జీతాల పట్టీ, అద్దె ఒప్పందం. రెండు నెలలైనా స్థానిక నాయకుడే అన్నీ నడిపి, మిషనరీ పక్కన ఉండి చూడాలి. చివరి వారంలో హడావిడిగా అప్పగిస్తే కరెంటు బిల్లుకు కూడా ఫోన్ వస్తుంది. నివాస అనుమతి ముందే చూసుకోండి. ఎక్కువకాలం బయట ఉంటే రద్దు చేసే దేశాలున్నాయి.

చిన్న సెలవులో పని తెగదు, వృద్ధ తల్లిదండ్రులను ఏటా చూడొచ్చు. విమాన ఖర్చు మాత్రం పెరుగుతుంది. ప్రతి ఆదివారం ఒక్కో సంఘానికి మాటిచ్చేస్తే విశ్రాంతి మిగలదు. కాబట్టి మొదటి రెండు వారాలు ఏ సభకూ ఒప్పుకోవద్దు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు బయల్దేరకముందే తీసుకోండి.