చెకుముకి తుపాకీనా, టోపీ తుపాకీనా?

పాత తుపాకులు కొని దాచుకునేవాళ్లకు ఎదురయ్యే ప్రశ్న ఇది. రెండింటికీ తుపాకీమందు కూరేది గొట్టం మూతి నుంచే. తేడా అంతా నిప్పు పుట్టే చోట. బ్రిటిష్ సైన్యం వాడిన చెకుముకి తుపాకీ బ్రౌన్ బెస్‌లో చెకుముకి రాయి ఉక్కు పలకను గీరి రవ్వలు రాలుస్తుంది. టోపీ తుపాకీ అయిన 1853 ఎన్‌ఫీల్డ్‌లో, పేలే మందు ఉన్న చిన్న రాగి టోపీ మీద సుత్తి పడుతుంది. 1857 తిరుగుబాటును రాజేసిన కొవ్వు తూటాలు ఈ ఎన్‌ఫీల్డ్‌వే.

అందంలో నా ఓటు చెకుముకికే. కానీ కొనేటప్పుడు టెన్షన్ కూడా దానితోనే. 19వ శతాబ్దంలో చాలావాటిని టోపీ పద్ధతికి మార్చారు. తర్వాత మంచి ధర కోసం కొన్నింటిని మళ్లీ చెకుముకికి తిప్పారు. రవ్వలు పడే మందు పళ్లెం దగ్గర వెల్డింగ్ గీతో, మిగతా ఇనుముతో కలవని రంగో కనిపిస్తే చేతిలో డబ్బు చేతిలోనే ఉంచుకోండి.

శుభ్రం చేయడంలో మాత్రం ఎన్‌ఫీల్డే మొండిది. బ్రౌన్ బెస్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపల మూడు గాడులు, తేమను పీల్చే తుపాకీమందు మసి దాక్కునేది వాటిలోనే. తుప్పు గుంటలు టోపీ కూర్చునే చోట కూడా పడతాయి. ఇక తళతళలాడేలా రుద్దారంటే రెండింటి విలువా పోయినట్టే.

ఏది ఇంటికొచ్చినా, మూతి మనవైపు తిప్పకుండా, ముందు ఒక చెక్క పుల్లను గొట్టంలోకి దించి, మునిగినంత పొడవును బయట ఆనించి చూడాలి. నిప్పు లోపలికి వెళ్లే రంధ్రం దాకా రాకపోతే లోపల పాత మందు ఇంకా ఉండొచ్చు. దాన్ని తీయడం తెలిసినవాళ్ల పని.