తీర్థన్ ట్రౌట్‌కు 5 వెయిట్ ఫ్లై రాడ్ కిట్: రాడ్ సరే, లీడర్ మార్చాలి

రాడ్ 9 అడుగులు, 4 ముక్కలు. 5 వెయిట్ అంటే దానికి సరిపోయే లైను బరువు నంబరు. హిమాచల్‌లో ట్రౌట్ చేపల వేట నిషేధం ఫిబ్రవరి ఆఖరుతో ముగుస్తుంది. మార్చిలో తీర్థన్ నది నీళ్లు తేటగా ఉన్నప్పుడు ఈ రాడ్ భేషుగ్గా పనికొస్తుంది. 10 మీటర్ల లోపు ఫ్లై, అంటే పురుగులా కట్టిన ఎర, మెత్తగా వాలుతుంది. అంతకు మించి విసరాలంటే తంటాలే.

అసలు లోపం లీడర్‌ది, అంటే లావు లైనుకూ ఫ్లైకీ మధ్య ఉండే సన్నని దారానిది. కొస 3ఎక్స్, అంటే 0.20 మిల్లీమీటర్లు, తేట నీటిలో చేప ఇట్టే పసిగడుతుంది. దానికి ఇంకా సన్నని 5ఎక్స్ టిప్పెట్‌ను (కొస దారం) రెండడుగులు, రెండు దారాలను కలిపే సర్జన్ ముడితో కట్టండి. బిగించే ముందు ముడి తడపాలి, లేకపోతే రాపిడి వేడికి దారం బలం పోతుంది. రాడ్ జాయింట్లు మధ్యమధ్యలో నొక్కి చూడండి. వదులైతే పగిలేది అక్కడే. రీల్ డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు లైనును నిలువరించే బ్రేకు, నాసిరకం. పావుకిలో చేపకు డ్రాగ్‌తో పనేముంది లెండి! మంచు కరిగి నీళ్లు మడ్డిగా మారితే నీటిపై తేలే డ్రై ఫ్లై తీసేసి, నీటిలో మునిగే బరువైన నింఫ్ ఫ్లై కట్టాలి. మత్స్యశాఖ పర్మిట్ తప్పనిసరి.