సెకన్ల లెక్క చూపి స్పోర్ట్స్ కార్లు అంటగడుతున్నారు: హైదరాబాద్‌లో కొనేవారికి జాగ్రత్త హెచ్చరిక

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనదలచుకున్నవారు అడ్వాన్సు కట్టే ముందు ఒకసారి ఇది చదవాలని నా విన్నపం. నగరంలోని ఒక ప్రీ ఓన్డ్ లగ్జరీ కార్ల షోరూం నాకు రెండు తలుపుల టర్బో పెట్రోల్ కారు ఒకటి అమ్మింది. అది సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 4.6 సెకన్లలో చేరుతుందని ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేశారు. ఆ అంకె నా కారుది కాదని, అదే పేరుతో విదేశాల్లో అమ్మే మరో వేరియంటుదని, కారు చేతికొచ్చాక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబరు చూపిస్తే తెలిసింది. నా వేరియంటుకు కంపెనీయే చెప్పుకున్న అంకె 5.8. వివాదం ఇంకా నడుస్తున్నందువల్ల షోరూం పేరు ఇక్కడ రాయడం లేదు. వారి అమ్మకపు పద్ధతిని మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ తరహా కార్లు అమ్మే మరికొన్ని చోట్ల కూడా నాకు అదే ధోరణి కనిపించింది.

బేరం కుదిరింది వారు వాట్సాప్‌లో పంపిన ఒక వీడియోతో. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద కారు దూసుకుపోతూ ఉంటుంది, మీటరు ముల్లు వందను తాకుతుంది, తెర మూలన ఉన్న స్టాప్‌వాచ్ అయిదు సెకన్ల లోపే ఆగిపోతుంది. సర్వీస్ సెంటర్ మాట విన్న తరువాత ఆ వీడియోను ఆపి ఆపి చూశాను. స్టాప్‌వాచ్ మొదలయ్యేటప్పటికే ముల్లు సున్నాను దాటి ఉంది. డిస్‌ప్లేలో బయటి ఉష్ణోగ్రత 17 డిగ్రీలని ఉంది, నాకు కారు అమ్మిందేమో మే నెలలో. అన్నిటికంటే వింత ఓడోమీటరుది: కారు నాకు అప్పగించిన రోజున ఉన్న కిలోమీటర్ల కంటే వీడియోలో కనిపిస్తున్న కిలోమీటర్లే ఎక్కువ. మీటరు వెనక్కి తిప్పారేమోనని అనుమానించి సర్వీస్ రికార్డు తెప్పించి చూస్తే అందులో లెక్క సరిగానే ఉంది, అంటే వీడియోలో ఉన్నది అసలు వేరే కారు. మేనేజరును అడిగితే, "అది రిఫరెన్స్ కోసం పంపాం సార్, మోడల్ ఒకటే కదా" అన్నారు.

ఆ వీడియో నా కారుదే అయినా దానితో తేలేది పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఏ కంపెనీ అయినా స్పీడోమీటరును అసలు వేగం కంటే తక్కువ చూపకుండా, కాస్త ఎక్కువే చూపేటట్టు అమరుస్తుంది. ఐక్యరాజ్య సమితి వాహన నిబంధనల్లో 39వది అసలు వేగం మీద పది శాతం, దానికి తోడు మరో 4 కిలోమీటర్ల దాకా ఎక్కువ చూపడానికి ఒప్పుకుంటుంది. మీటరులో వంద పడిన క్షణానికి కారు నిజానికి 94, 95 దగ్గరే ఉండవచ్చు. ఫోన్ యాప్‌లతో కొలిచామని చెప్పేవారూ ఉన్నారు, కానీ ఫోన్‌లోని జీపీఎస్ సాధారణంగా సెకనుకు ఒక్కసారే వేగాన్ని నమోదు చేస్తుంది కాబట్టి పదో వంతు సెకన్ల లెక్క దానితో తేలదు.

ఇక ఈ అంకెలు ఎలా పుడతాయో తెలుసుకుంటే వాటికి ఎంత విలువ ఇవ్వాలో మనకే అర్థమవుతుంది. అమెరికా పత్రికలు గంటకు 60 మైళ్ళ దాకా కొలుస్తాయి, అది మన లెక్కలో 96.6 కిలోమీటర్లు మాత్రమే. పైగా తిన్నని దారిలో కొద్ది దూరం పరుగెత్తే అక్కడి డ్రాగ్ పందేల సంప్రదాయం ప్రకారం కారు మొదటి అడుగు (12 అంగుళాల) దూరం కదిలిన తరువాతే గడియారం మొదలవుతుంది. బలమైన కారు ఆ అడుగు దాటేసరికే గంటకు 6, 7 కిలోమీటర్ల వేగం అందుకుని ఉంటుంది కాబట్టి 0.2 నుంచి 0.3 సెకను అక్కడే కలిసొస్తుంది. 96.6 నుంచి వందకు చేరడానికి మరో పావు సెకను పడుతుందనుకుంటే, అమెరికాలో 4.5 అని అచ్చయిన కారు మన కొలతలో 5కు దగ్గర పడుతుంది. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్‌కు ప్రకటించిన 1.99 సెకన్లు కూడా ఆ మొదటి అడుగును తీసేసిన లెక్కే, ఆ సంగతి కంపెనీ చిన్న అక్షరాలలో చెప్పింది. మన షోరూంల ప్రకటనల్లో ఆ చిన్న అక్షరాలు కూడా ఉండవు. ఏ దేశపు కొలతో, ఏ వేరియంటుదో చెప్పకుండా, ఇంటర్నెట్‌లో దొరికినవాటిలో అన్నిటికంటే చిన్న అంకెను ఎత్తి రాసేస్తారు.

కంపెనీలు అధికారికంగా ఇచ్చే అంకెలు మామూలుగా అబద్ధం కావు, నేను ఆ ఆరోపణ చేయడం లేదు. అయితే ఆ అంకె రావాలంటే టైర్లు వేడెక్కి ఉండాలి, రోడ్డు పట్టు ఇవ్వాలి, ఎడమ కాలితో బ్రేకు, కుడి కాలితో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఆగి ఉన్న కారును వీలైనంత వేగంగా కదిలించే లాంచ్ కంట్రోల్ అనే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఇంజన్ వేగాన్ని సిద్ధం చేసిన తరువాత బ్రేకు వదలాలి. ఆ లాంచ్ కంట్రోల్‌నే వెంటవెంటనే వాడవద్దని, మధ్యలో గేర్‌బాక్సును చల్లారనివ్వాలని చాలా కార్ల మాన్యువళ్ళలో రాసి ఉంటుంది. బండలాగుడు పోటీలో గెలిచిన ఒంగోలు జత మర్నాడు అరకకు ఎలా నడుస్తుందో ఆ పోటీ ఏమీ చెప్పదు, ఈ సెకన్ల సంగతీ అంతే.

రోజువారీ డ్రైవింగ్‌లో కారు నిలబడి ఉన్న చోటు నుంచి పూర్తిగా తొక్కే సందర్భం దాదాపు రాదు. మాదాపూర్ రోడ్ల మీద సాయంత్రం పూట బండి పది పదిహేను కిలోమీటర్ల వేగంతో పాకుతూ ఉంటుంది, పక్క వరుసలో సందు దొరికిందని తొక్కుతాము. ఆ క్షణంలో ఇంజన్ నిదానంగా తిరుగుతుంటుంది, ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో ఇంకా ఊపందుకోదు, పెట్రోల్ ఆదా కోసం పై గేరులో ఉన్న గేర్‌బాక్సు రెండు గేర్లు కిందికి దిగడానికి ఆలోచిస్తుంది. నా కారు ఆ కాసేపు కదలకుండా ఉండి, సందు మూసుకుపోయే వేళకు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, ఆ వెంటనే బ్రేకు తొక్కక తప్పదు. కొనేముందు నేను నడిపిన చిన్న హ్యాచ్‌బ్యాక్ ఇదే పనిని ఇంతకంటే నిలకడగా చేసేది, దాని సున్నా నుంచి వంద లెక్క దీనికి దాదాపు రెట్టింపు ఉన్నా సరే.

ఈ తేడాను కొలిచే పద్ధతి లేకపోలేదు. అమెరికాలోని కార్ అండ్ డ్రైవర్ పత్రిక ఎన్నో ఏళ్ళుగా గంటకు 5 మైళ్ళ వేగంతో పాకుతున్న కారును అక్కడి నుంచి తొక్కి 60 మైళ్ళ దాకా వేరుగా కొలుస్తోంది. చిన్న టర్బో ఇంజన్ కార్లకు ఈ కొలత నిలబడి మొదలుపెట్టిన లెక్క కంటే ఒక సెకను, కొన్నిటికి అంతకంటే ఎక్కువే వస్తుంది. మన దేశపు కారు పత్రికలు కూడా 20 నుంచి 80, 40 నుంచి 100 కిలోమీటర్ల వేగాలకు పట్టే సమయాన్ని అచ్చు వేస్తాయి. మనకు పనికొచ్చే అంకెలు అవే. షోరూంలో నేను వాటి గురించి అడిగితే సేల్స్ కుర్రాడికి అవి ఏమిటో కూడా తెలియలేదు.

శ్రీశైలం రోడ్డు మీద, నల్లమల అడవిలో, ముందు వెళ్తున్న ఆర్టీసీ బస్సును దాటవలసి వచ్చినప్పుడు దీని తీవ్రత తెలుస్తుంది. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనుకు 19 మీటర్లకు పైగా ముందుకు పోతుంది, ఎదురుగా వస్తున్న బండి వేగమూ అంతే అయితే ఆ ఒక్క సెకనులో రెండింటి మధ్య దూరం 39 మీటర్లు తగ్గిపోతుంది. తొక్కిన తరువాత గేర్‌బాక్సు ఒక సెకను ఆలస్యం చేస్తే ఆ 39 మీటర్లు మన చేతిలోంచి పోయినట్టే. 4.6 అయినా 5.8 అయినా ఆ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోదు, ఎందుకంటే లాంచ్ కంట్రోల్‌తో కొలిచేటప్పుడు టర్బో ముందే సిద్ధంగా ఉంటుంది, గేరు ముందే మొదటిదై ఉంటుంది. ఇంత ముఖ్యమైన విషయాన్ని అమ్మేవారు ఒక్కరూ ఎత్తకపోవడం నాకు అన్నిటికంటే అభ్యంతరకరంగా తోచింది.

వేడి మాట కూడా చెప్పాలి. ఇంజన్ శక్తిని కొలిచే ఐఎస్ఓ 1585 ప్రమాణం ఫలితాన్ని 25 డిగ్రీల గాలికి సరిచేసి చెబుతుంది. 42 డిగ్రీల ఎండలో, గంటసేపు ట్రాఫిక్‌లో పాకిన తరువాత, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చి ఇంజన్‌కు పంపే ఇంటర్‌కూలరే వేడెక్కిపోతే, ఇంజన్ దెబ్బతినకుండా కంప్యూటరే శక్తిని తగ్గిస్తుంది. ఇందులో లోపం ఏమీ లేదు, కానీ బ్రోచర్‌లోని హార్స్ పవర్ మొత్తం మే నెల మధ్యాహ్నం చేతికి దొరకదని కొనేవాడికి తెలియాలి. టైర్ల విషయం ఇంకా తేలికగా కనిపెట్టవచ్చు. నా కారు వెనక టైర్లు కంపెనీ సిఫారసు చేసిన రకం కావు, గట్టి రబ్బరుతో చేసిన చవక రకం. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనట్టు. ముందు టైర్లకూ వెనక టైర్లకూ రకం, వయసు వేరువేరుగా ఉన్న కారుకు బ్రోచర్‌లోని అంకెలు వర్తించవు, వానలో బ్రేకు పట్టు కూడా నమ్మదగ్గది కాదు.

గరిష్ఠ వేగం గురించి ఎక్కువ రాయను. ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతి గంటకు 120 కిలోమీటర్ల వరకే, అక్కడ 250 అన్న అంకెకు ఏ పనీ లేదు. జర్మనీలోని నూర్బుర్‌గ్రింగ్ రేస్ ట్రాక్‌ను కారు ఎంతసేపట్లో చుట్టి వచ్చిందో అమ్మేవారు చెప్పడం మొదలుపెడితే మర్యాదగా మాట మార్చి, కారు కింద నేలకు ఎంత ఎత్తుందో అడగండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు మీద 10 సెంటీమీటర్ల ఎత్తే ఉండాలి, మన కాలనీల్లో కాంట్రాక్టరు పోసినవి ఎలా ఉంటాయో అందరికీ తెలుసు.

నాకు టెస్ట్ డ్రైవ్ ఇచ్చింది ఉదయం ఆరు గంటలకు, ఖాళీ రోడ్డు మీద. ఆ సమయమే ఎందుకని అడిగితే ట్రాఫిక్‌లో కారుకు గీతలు పడతాయన్నారు. మీరు అందుకు ఒప్పుకోవద్దు. సాయంత్రం ఏడింటికి, ఏసీ వేసి, మీరు రోజూ వెళ్ళే దారిలోనే నడపండి. పాకే వేగం నుంచి ఒకసారి, 40 దగ్గర నుంచి ఒకసారి తొక్కి, కాలు పెట్టిన క్షణానికీ కారు కదిలిన క్షణానికీ మధ్య ఎంత ఎడం ఉందో గమనించండి. ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆగి కదిలించి చూడండి, రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు అయితే కుదుపులు అక్కడే బయటపడతాయి. ఛాసిస్ నంబరు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో వేరియంటు నిర్ధారించుకోండి. ఆర్సీలోని సీసీ చూసి సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే ఒకే రెండు లీటర్ల ఇంజన్‌ను కంపెనీలు వేరువేరు శక్తులతో అమ్ముతాయి.

షోరూంవారు కారు వెనక్కి తీసుకుంటామన్నారు, కానీ నేను కట్టిన దానికంటే బాగా తక్కువకు. నేను ఒప్పుకోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనల మీద ఫిర్యాదుకు అవకాశం ఇస్తోంది. చెల్లించిన ధర 50 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్ళవచ్చు, గడువు రెండేళ్ళు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు, నేనూ అలాగే మొదలుపెట్టాను. నా దగ్గర ఆధారంగా నిలిచినవి ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ వీడియో, సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితం. నోటిమాటగా చెప్పినవన్నీ వారు కాదన్నారు. కాబట్టి ఎవరైనా మీకు సెకన్ల లెక్క చెబితే, అది ఏ వేరియంటుదో, ఎవరు కొలిచారో టోకెన్ అమౌంట్ ఇచ్చే ముందే మెయిల్‌లో రాయించుకోండి, ఆ అంకెనే ఇన్‌వాయిస్ మీద వేసి సంతకం చేయమనండి.