రణథంబోర్ రోడ్డులో సిరా పులులు: ఏవి కొనవచ్చు, ఏవి వదిలేయాలి

రాజస్థాన్‌లోని సవాయ్ మాధోపూర్ రైల్వే స్టేషను నుంచి రణథంబోర్ జాతీయ ఉద్యానవనం వైపు వెళ్లే రోడ్డు పొడవునా, హోటళ్ల మధ్య మధ్యలో, పులి బొమ్మల దుకాణాలు కనిపిస్తాయి. సఫారీ జీపు దిగిన పర్యాటకుడు పులిని చూసిన ఉత్సాహంతోనో, అది కనబడలేదన్న నిరాశతోనో వీటిలోకి అడుగుపెడతాడు. ఎటు చూసినా బేరం దుకాణదారుకే కలిసివస్తుంది. పెద్దపులులు, చిరుతల సిరా చిత్రాలను చాలా కాలంగా సేకరిస్తున్నాను గనుక, అక్కడ దొరికే సరుకు ఎలాంటిదో, డబ్బు చెల్లించే ముందు ఏమేమి చూసుకోవాలో వివరంగా రాయడం అవసరమనిపించింది.

సన్నని కుంచెతో ఒక్కొక్క వెంట్రుకను విడివిడిగా గీస్తూ, పులి ముఖాన్ని నల్లని చీకటిలోంచి బయటకు రప్పించే పద్ధతి ఈ ఊరి ప్రత్యేకత. కాగితం మీదా గీస్తారు, గుడ్డ మీదా గీస్తారు. రణథంబోర్ స్కూల్ ఆఫ్ ఆర్ట్ పేరుతో ఇక్కడ ఉన్న చిత్రకారుల సంఘం ఈ పనికి గుర్తింపు తెచ్చింది. పులుల సంరక్షణను బొమ్మల ద్వారా ప్రచారం చేయడం ఆ సంఘం ఉద్దేశాల్లో ఒకటి. దాన్ని చూసి పుట్టుకొచ్చిన దుకాణాలు అనేకం. వాటిలో చేయి తిరిగిన వారి పని, నిన్నమొన్న కుంచె పట్టిన వారి పని ఒకే గోడ మీద, ఇంచుమించు ఒకే ధర చీటీతో వేలాడుతుంటాయి. నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

తేడా తెలుసుకోవడానికి అందరూ ముందుగా కళ్లను చూస్తారు. నా దృష్టిలో అది సరైన చోటు కాదు. ఎర్రటి పసుపు రంగు కాస్త అద్ది, చిన్న తెల్ల చుక్క పెడితే ఏ కన్నయినా మెరుస్తుంది. దుకాణంలో అమ్మకం జరిగేది ఆ మెరుపుతోనే. చూడవలసింది మీసాలను. సిరా బొమ్మలో తెలుపు అంటే కాగితమే. మంచి చిత్రకారుడు మీసం వచ్చే చోటును ముందే ఖాళీగా వదిలి, దానికి రెండు వైపులా ముదురు వెంట్రుకలు గీసుకుంటూ వస్తాడు. అందువల్ల మీసం మొదట్లో కొంచెం లావుగా, చివరికి వెంట్రుకవాసి సన్నంగా, కాగితపు సహజమైన తెలుపుతో నిలుస్తుంది. తొందరపడేవాడు బొమ్మంతా నలుపు చేసి, చివర్లో తెల్ల రంగుతో మీసాలు లాగుతాడు. బొమ్మను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే ఆ తెల్ల గీతలు ఉబ్బెత్తుగా, సుద్దలాగా వేరుగా తెలిసిపోతాయి. నేను కొన్న పులి తలలో ఎడమ వైపు మీసం ఒకటి చెంప దగ్గరి నల్ల చారను దాటుకుంటూ పోతుంది. ఆ చార మధ్యలో అంత సన్నని ఖాళీని చెదరకుండా కాపాడిన చేతికే నేను డబ్బు చెల్లించాననుకుంటాను.

ఆ తరువాత వెంట్రుకల దిశ. పులి ముక్కు దూలం మీది పొట్టి బొచ్చు నుదుటి వైపు వెనక్కి వాలి ఉంటుంది, చెంపల దగ్గర పొడవై బయటికి విచ్చుకుంటుంది. పని తెలియని బొమ్మల్లో ముఖమంతా పైనుంచి కిందికి దువ్వినట్టే ఉంటుంది. కంటిపాప గుండ్రంగా ఉండాలి. మన ఇంటి పిల్లికి ఉన్నట్టు నిలువు చీలిక గీశారంటే ఆ చిత్రకారుడు పులిని సరిగా గమనించలేదని అర్థం. పులి రెండు పక్కల చారలు ఎన్నడూ ఒకేలా ఉండవు కాబట్టి, ముఖం కుడి ఎడమలు అచ్చుగుద్దినట్టు సరిపోయాయంటే సగం బొమ్మను మడిచి రెండో వైపు దించి ఉంటారని అనుమానించవచ్చు.

దాదాపు ప్రతి గోడ మీదా ఒక ‘మఛ్లీ’ ఉంటుంది. 2016 ఆగస్టులో మరణించిన ఆ ఆడపులి రణథంబోర్‌కు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చింది గనుక, ఆ పేరు చెబితే ధర పెరుగుతుంది. హిందీలో మఛ్లీ అంటే చేప; ముఖం మీది చేప ఆకారపు గుర్తును బట్టే దానికి ఆ పేరు వచ్చింది. ఆ గుర్తు లేని పులికి ఆ పేరు తగిలించి అమ్మడం నేను చూశాను. దాని ఫొటోలు విరివిగా దొరుకుతాయి కాబట్టి, ఫోనులో పక్కన పెట్టి చారలు సరిచూసుకోవడం పెద్ద పని కాదు.

అసలు బొమ్మ పేరుతో ప్రింటు అంటగట్టే ప్రయత్నం కూడా ఒక చోట ఎదురైంది. ఆ దుకాణం పేరు ఇక్కడ అనవసరం. ప్రింటు మీద పెన్నుతో అక్కడక్కడా నాలుగు గీతలు కలిపి, చేతిపని అన్నారు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం జేబులో ఉంటే ఈ మోసం సాగదు: ప్రింటులో బూడిద రంగు సన్నని చుక్కలుగా విడిపోతుంది, చేతిగీతలో సిరా కాగితపు నూగులోకి కొద్దిగా పాకి, గీతలు ఒకదానిపై ఒకటి పడిన చోట ముదురుగా కనిపిస్తుంది.

సిరా గురించి అడిగితే చాలామంది దుకాణదారులు విసుక్కుంటారు, అయినా అడగాలి. మసితో చేసిన నలుపు ఎండకు వెలిసిపోదు. బంకతో కలిపినదైతే తడి తగిలితే కరుగుతుంది, లక్క కలిసినదైతే ఆరాక నీటికి చెదరదు. మామూలు రాత పెన్నుల సిరా, బాల్‌పెన్ను సిరా కొన్నేళ్లకు వెలిసిపోయే రకం. కుంచె గురించి అడగడం ఇంకా ముఖ్యం. ముంగిస వెంట్రుకల కుంచెలు గట్టిగా, మొన తేలి ఉంటాయని చిత్రకారులకు వాటి మీద మోజు ఎక్కువ. కానీ వాటి కోసం ముంగిసలను చంపుతారు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ వ్యాపారం నేరం. పులుల సంరక్షణ పేరు చెప్పి అమ్మే బొమ్మను అలాంటి కుంచెతో గీయడం నాకు మింగుడుపడదు. నేను కొన్న చోట చిత్రకారుడు తన నైలాన్ కుంచెలను తానే తీసి చూపించాడు.

ధరల విషయంలో మొదట చెప్పిన మొత్తంలో మూడో వంతు తగ్గించారు. బేరం కన్నా నాకు నచ్చింది, గీసిన మనిషి అక్కడే కూర్చుని మరొక బొమ్మ గీస్తూ ఉండటం. అలాంటి దుకాణాన్నే ఎంచుకోమని చెబుతాను. వెనక వైపు సంతకం, సంవత్సరం, వాడిన సిరా వివరం రాయించుకున్నాను. బొమ్మ మనదైనా దాన్ని అచ్చువేసుకునే హక్కు చిత్రకారుడిదే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఆ హక్కు రాతపూర్వకంగా ఇస్తే తప్ప మనకు రాదు. టీషర్టుల మీద వేయించుకోవాలనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ప్యాకింగు మాత్రం నాసిరకం. గొట్టంలో బిగుతుగా చుట్టి ఇస్తారు, కాగితం వంపు తిరిగి చాలా రోజుల దాకా చదునవదు. రెండు గట్టి అట్టల మధ్య పెట్టించుకోవడం మేలు. విశాఖపట్నం, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఉండేవారు ఫ్రేము కట్టించేటప్పుడు గాజు బొమ్మకు ఆనకుండా మధ్యలో ఆమ్లం లేని మౌంటు అట్ట వేయించాలి, లేకపోతే కాగితానికి బూజు పడుతుంది. సెల్లోటేపుతో అతికించే ఫ్రేము పనివాళ్ల దగ్గరికి వెళ్లనే వద్దు.

ఉద్యానవనంలోని ప్రధాన మండలాలు జూలై నుంచి సెప్టెంబరు దాకా మూసి ఉంటాయి కాబట్టి, బొమ్మల కోసమే వెళ్లేవారికి ఆ నెలలే అనువుగా ఉంటాయని నా అభిప్రాయం. చిన్న కాగితపు బొమ్మలు ఇచ్చిన డబ్బుకు న్యాయం చేస్తాయి. గుడ్డ మీద గీసే పెద్ద బొమ్మల్లో పులి వెనక అడవి హడావిడిగా ముగిసిపోతుంది. అంత ధరకు నేను వాటిని సిఫారసు చేయను.