షపీరోనా, వాల్జా, కెల్లీనా? రన్నింగ్ మేట్‌ని దేన్ని చూసి పెట్టుకోవాలి

2028 అమెరికా ఎలక్షన్‌లో రిపబ్లికన్ల నుంచి వాన్స్ నిలబడితే పక్కన వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థిగా (అదే రన్నింగ్ మేట్) ఎవరు, డెమోక్రాట్ల నుంచి న్యూసమ్ నిలబడితే పక్కన ఎవరు అని మనవాళ్ల గ్రూపుల్లో అప్పుడే లెక్కలు మొదలయ్యాయి. చూస్తే నూటికి తొంభై లెక్కలు ఒకే రకం, ఫలానా ఆయన ఫలానా స్టేట్‌కి గవర్నరు, ఆయన్ని వైస్ ప్రెసిడెంట్‌గా పెడితే ఆ స్టేట్ మన ఖాతాలో పడ్డట్టే అని. నాకు ఈ లెక్క మీద పెద్దగా నమ్మకం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే 2024 కంటే మంచి కేసు దొరకదు, ఎందుకంటే అప్పుడు డెమోక్రాట్ అభ్యర్థి కమలా హారిస్ ముందు మూడు వేర్వేరు రకాల మనుషులున్నారు.

బైడెన్ తప్పుకున్నది జులై 21న, హారిస్ తన రన్నింగ్ మేట్ పేరు ప్రకటించింది ఆగస్టు 6న. మామూలుగా నెలల తరబడి జరిగే వెటింగ్ (మనిషి పూర్వాపరాలు ఆరా తీయడం) అంతా ఈ రెండు వారాల్లోనే కానిచ్చేశారు, మాజీ అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ టీమ్ కాగితాలన్నీ తిరగేసింది, చివరికి ఆగస్టు 4 ఆదివారం నాడు ముగ్గుర్ని పిలిచి హారిస్ విడివిడిగా మాట్లాడింది.

జోష్ షపీరో పెన్సిల్వేనియా గవర్నరు. 2022లో దాదాపు 15 పాయింట్ల తేడాతో గెలిచాడు, స్వింగ్ స్టేట్స్‌లో (ఎటైనా మొగ్గగల స్టేట్స్) అన్నిటికంటే ఎక్కువ ఎలక్టోరల్ ఓట్లు అక్కడే, 19 (ప్రెసిడెంట్‌ని తేల్చేది ఈ ఓట్లే, దాదాపు అన్ని స్టేట్స్‌లోనూ గెలిచినవాడికే ఆ స్టేట్ ఓట్లన్నీ). 2023 జూన్‌లో ఫిలడెల్ఫియాలో ట్యాంకర్ తగలబడి ఐ-95 హైవే ఒక ముక్క కూలిపోతే నెలలు పడుతుందనుకున్నారంతా, పన్నెండు రోజుల్లో టెంపరరీ రోడ్డేసి బళ్లు వదిలేశారు, ఆ పేరు షపీరోకి బాగా వచ్చింది. మైక్ దొరికితే వదలడు, ఎదుటివాడికి సమాధానం చెప్పగలడు. మరి మైనస్‌లు? ప్రైవేట్ స్కూల్ వోచర్లకి (సర్కారు డబ్బుతో ప్రైవేట్ స్కూల్ ఫీజు) ఒకప్పుడు సై అన్నందుకు టీచర్ యూనియన్లకి కోపం, గాజా విషయంలో క్యాంపస్ నిరసనల మీద గట్టిగా మాట్లాడినందుకు పార్టీలో లెఫ్ట్ వాళ్లకి కోపం.

మార్క్ కెల్లీ అరిజోనా సెనేటరు, నేవీ పైలట్, ఆస్ట్రోనాట్. భార్య గాబీ గిఫర్డ్స్ కాంగ్రెస్ సభ్యురాలిగా ఉండగా 2011లో ఆవిడ మీద కాల్పులు జరిగాయి, ఆ కథ అందరికీ తెలిసిందే. మెక్సికో బార్డర్ గురించి మాట్లాడితే జనం నమ్మే డెమోక్రాట్ ఈయన. కానీ స్పీచ్ వింటే నిద్రొస్తుంది, పైగా ఈయన గెలిచి వెళ్లిపోతే సెనేట్ సీటు ఖాళీ అయి మళ్లీ ఎలక్షన్, ఉన్న సీటు చేజేతులా రిస్క్‌లో పెట్టుకున్నట్టు.

టిమ్ వాల్జ్ మిన్నెసోటా గవర్నరు. స్కూల్ టీచరు, ఫుట్‌బాల్ కోచ్, నేషనల్ గార్డ్‌లో 24 ఏళ్లు, పల్లెటూళ్లు ఎక్కువున్న నియోజకవర్గం నుంచి ఆరుసార్లు కాంగ్రెస్‌కి గెలిచాడు. స్టేట్ లెక్కలో చూస్తే ఈయన తెచ్చేది సున్నా, ఎందుకంటే ప్రెసిడెంట్ ఎలక్షన్‌లో మిన్నెసోటాని రిపబ్లికన్లు చివరిసారి గెలిచింది 1972లో. కానీ టీవీలో రిపబ్లికన్లని "వింత మనుషులు" అన్న ఒక్క మాట ఊరంతా పాకిపోయింది, పార్టీలో ఈయన్ని వద్దనేవాళ్లు ఎవరూ లేరు. ఎవరికీ అభ్యంతరం లేని మనిషి కాబట్టి ఈయన్నే పెట్టారు.

ఓడిపోయాక మొదలైంది చూడండి గోల, "షపీరోని పెట్టుంటే గెలిచేవాళ్లం" అని. సరే, షపీరోని పెట్టారు, పెన్సిల్వేనియా గెలిచారు అనే అనుకుందాం (అక్కడ తేడా లక్షా ఇరవై వేల ఓట్లు, దాదాపు డెబ్బై లక్షల మంది ఓటేసిన చోట). హారిస్‌కి వచ్చినవి 226, దానికి 19 కలిపితే 245. కావాల్సింది 270. మిషిగన్ 15, విస్కాన్సిన్ 10 కూడా కొడితేనే కరెక్ట్‌గా 270 అవుతుంది, పెన్సిల్వేనియా గవర్నరు విస్కాన్సిన్‌లో ఓట్లెలా తెస్తాడో నాకైతే అర్థం కాదు. కెల్లీ వల్ల అరిజోనా 11 వచ్చినా అంతే సంగతులు.

పాత కథలు చూసినా ఇదే తంతు. 1988లో డుకాకిస్ టెక్సాస్ కోసం లాయిడ్ బెంట్సన్‌ని పెట్టాడు, టెక్సాస్ పోయింది, విచిత్రం ఏంటంటే అదే రోజు అదే టెక్సాస్‌లో బెంట్సన్ తన సెనేట్ సీటు మాత్రం గెలుచుకున్నాడు. అంటే జనం మా బెంట్సన్ మాకు కావాలి, మీ డుకాకిస్ మాకొద్దు అన్నారన్నమాట. 2004లో ఎడ్వర్డ్స్ నార్త్ కరోలినా తేలేదు, 2012లో పాల్ రయన్ విస్కాన్సిన్ తేలేదు. "మరి 1960లో జాన్సన్ టెక్సాస్ తేలేదా" అంటారు, తెచ్చాడు, దాదాపు 46 వేల తేడాతో. కానీ కెన్నెడీకి మొత్తం 303 వచ్చాయి, అప్పట్లో 269 చాలు, టెక్సాస్ 24 తీసేసినా గెలిచేవాడే. జాన్సన్ అసలు ఉపయోగం వేరు, మసాచుసెట్స్ నుంచి వచ్చిన క్యాథలిక్ కుర్రాడంటే సదరన్ స్టేట్స్ మొత్తానికీ అనుమానం, ఆ అనుమానాన్ని తగ్గించే మనిషి జాన్సన్.

ఇక్కడే నా పాయింట్. స్టేట్ తెచ్చే మనిషి కంటే లోటు పూడ్చే మనిషి మేలు. 2008లో ఒబామా సెనేట్‌లో ఇంకా ఫస్ట్ టర్మే, అనుభవం లేదన్నది పెద్ద విమర్శ, తెచ్చుకున్నది 1973 నుంచి సెనేట్‌లో కూర్చున్న బైడెన్‌ని, డెలవేర్‌కి ఉన్నవి ముచ్చటగా మూడు ఓట్లు. 2000లో బుష్‌కి చేనీ కూడా అంతే, వయోమింగ్ మూడు ఓట్లే. (చేనీ అప్పటికి టెక్సాస్‌లో ఉండేవాడు, ప్రెసిడెంటూ వైస్ ప్రెసిడెంటూ ఇద్దరూ ఒకే స్టేట్ వాళ్లయితే ఆ స్టేట్ ఎలక్టర్లు ఇద్దరికీ ఓటెయ్యడానికి కుదరదు, అందుకని హడావుడిగా ఓటు వయోమింగ్‌కి మార్చుకున్నాడు.) 2016లో ట్రంప్‌కి పెన్స్ చర్చి ఓటర్ల దగ్గర పూచీకత్తులా పనికొచ్చాడు. మనకి దగ్గర ఉదాహరణ కావాలంటే మేరీల్యాండ్‌లో ఉంది, గవర్నరు, లెఫ్టినెంట్ గవర్నరు అక్కడ ఒకే టికెట్ మీద పోటీ చేస్తారు. 2022లో వెస్ మూర్ అంతకుముందు ఏ ఎన్నికైన పదవీ చెయ్యలేదు, పక్కన పెట్టుకున్నది మన హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్‌ని, ఆవిడ ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరు, స్టేట్ అసెంబ్లీలో రెండు టర్ములు చేసిన మనిషి. ఆయనకి లేనిదేదో ఆవిడ దగ్గర ఉంది.

మరి హారిస్ లోటేంటి? పల్లెటూరి తెల్లాయన పక్కన లేకపోవడం అనుకున్నారు వాళ్లు, అందుకే వాల్జ్. నా లెక్కలో అది లోటే కాదు, అసలు లోటు ధరలూ, బార్డరూ, ఆవిడ అప్పటికే బైడెన్ వైస్ ప్రెసిడెంట్ అయ్యుండటం. దీనికి బార్డర్ వరకు కెల్లీ బెటర్, మిగతా అంతటికీ షపీరో బెటర్, కాబట్టి నా ఓటు షపీరోకే, కానీ పెన్సిల్వేనియా కోసం కాదు. మూడు నెలలు టీవీల ముందు కూర్చుని తిట్లు తిని తిరిగి చెప్పగలిగే నోరు కావాలి. వాల్జ్‌ని మొదట్లో ఇంటర్వ్యూలకి పెద్దగా పంపలేదు, అక్టోబర్ 1 డిబేట్‌లో వాన్స్ ముందు తడబడ్డాడు, 1989లో చైనా తియానన్మెన్ కాల్పులప్పుడు హాంకాంగ్‌లో ఉన్నానన్న పాత మాట మీద అడిగితే నీళ్లు నమిలాడు. మరీ జాగ్రత్తగా ఆడామని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. అయితే హారిస్ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, రేపు గెలిస్తే నాలుగేళ్లు కలిసి పని చెయ్యాల్సింది ఆవిడే కదా, పక్కనున్నవాడు కో-ప్రెసిడెంట్ అనుకుంటే కష్టమని ఆవిడకి అనిపించింది, ఆ భయం ఊరికే కొట్టిపారేసేది కాదు.

అవతలి పక్క ట్రంప్ లెక్క పూర్తిగా వేరు. రూబియో, బర్గమ్, వాన్స్, ఈ ముగ్గురిలో ఓట్లు చూస్తే రూబియోనే, కానీ ట్రంప్, రూబియో ఇద్దరూ ఫ్లోరిడా వాళ్లే, చేనీకొచ్చిన ఇబ్బందే మళ్లీ, అదీ 30 ఓట్ల స్టేట్‌లో. బర్గమ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ మైక్రోసాఫ్ట్‌కి అమ్మిన డబ్బున్నాయన, ఏ గొడవా ఉండదు, ఏ ఊపూ ఉండదు. ఒహాయో ఎలాగూ ట్రంప్‌దే కాబట్టి వాన్స్ తెచ్చే స్టేట్ ఏమీ లేదు, సెనేట్‌లో రెండేళ్లు కూడా నిండలేదు, ఒకప్పుడు ట్రంప్‌ని తిట్టినవాడు కూడా. అయినా ట్రంప్‌కి మిగిలింది ఒక్క టర్మే, తర్వాత పార్టీని నడిపేవాడు కావాలి, 39 ఏళ్ల వాణ్ణి తీసుకున్నాడు. పశ్చిమ గోదావరి వడ్లూరులో మాత్రం వాన్స్ భార్య ఉషమ్మ మా ఊరి బిడ్డని సంబరాలు చేసుకున్నారు, ఆ లెక్క వేరనుకోండి.

వారసుడి లెక్క తేలిగ్గా తీసుకునేది కాదు. ఇప్పటిదాకా తొమ్మిది మంది వైస్ ప్రెసిడెంట్లు మధ్యలోనే ప్రెసిడెంట్ అయ్యారు, ఎనిమిది మంది ప్రెసిడెంట్ చనిపోవడం వల్ల, ఫోర్డ్ నిక్సన్ రాజీనామా వల్ల. 1944లో రూజ్‌వెల్ట్ అప్పటి వైస్ ప్రెసిడెంట్ వాలెస్‌ని పక్కనపెట్టి ట్రూమన్‌ని తీసుకున్నప్పుడు పార్టీ పెద్దలకి రూజ్‌వెల్ట్ ఆరోగ్యం సంగతి తెలుసు, ట్రూమన్ 82 రోజులు వైస్ ప్రెసిడెంట్‌గా ఉండి ప్రెసిడెంట్ అయిపోయాడు, అణుబాంబు గురించి పూర్తిగా తెలిసింది ఆ తర్వాతే.

సరే 2028. వాన్స్, రూబియో జోడీ అని చాలామంది అంటున్నారు, ఫ్లోరిడా ఇబ్బంది ఈసారి లేదు, కానీ ఇద్దరూ ఒకే గవర్నమెంట్‌లో వాళ్లు, ఆ గవర్నమెంట్ మీద కోపం ఉంటే ఇద్దరి మీదా ఉంటుంది, ఆ లోటు రూబియో పూడ్చలేడు. నేనైతే జార్జియా కెంప్ లాంటి బయటి గవర్నర్ని చూస్తా, 2020లో ఎలక్షన్ ఫలితం తిరగరాయమన్న ట్రంప్ ఒత్తిడికి లొంగని మనిషి, అందుకే ట్రంప్ ఒప్పుకోడేమో కూడా. న్యూసమ్ అయితే హారిస్ కుదరదు, ఇద్దరూ కాలిఫోర్నియా, 54 ఓట్లతో ఆటలాడుకోలేరు. అందరూ మళ్లీ షపీరో పేరే ఎత్తుతారు, ఈసారి మాత్రం నేను షపీరో అనను. న్యూసమ్‌కి ఉన్న పెద్ద బరువు కాలిఫోర్నియా అనే ముద్ర, దాన్ని దించాలంటే ట్రంప్ 30 పాయింట్లతో గెలిచిన కెంటకీలో రెండుసార్లు గవర్నర్‌గా గెలిచిన ఆండీ బెషియర్ కావాలి. కెంటకీ ఎనిమిది ఓట్లు ఎలాగూ రావు, రాకపోనీ. ఒకటే చిక్కు, బెషియర్ తానే ప్రెసిడెంట్‌కి నిలబడతానంటే అప్పుడు ఎవరు ఎవరి పక్కన నిలబడాలో ప్రైమరీలే తేల్చాలి.