8జీబీ ల్యాప్‌టాప్‌లో రెండు మూడు ఓఎస్‌లు: 16 చాలా, 24 మేలా, 32 కావాలా?

ఒక ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) లోపలే ఇంకో ఓఎస్‌ని నడిపించే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పది ఓఎస్‌లు ఇన్‌స్టాల్ చేసి పెట్టుకున్నా ర్యామ్ మీద భారం పడదు. ఆపేసి ఉన్న వర్చువల్ మెషీన్ (అలా లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) డిస్క్‌లో చోటు తింటుంది గానీ మెమరీ జోలికి రాదు. ఒకేసారి ఆన్ చేసి ఉంచేవి ఎన్ని అన్నదాన్ని బట్టే ఎంత ర్యామ్ కావాలో తేలుతుంది. ఈ లెక్క వేసుకోకుండా షాపుకి వెళ్తే అవసరానికి రెట్టింపు డబ్బు పెడతాం, లేదా ఆరు నెలలకే మళ్లీ షాపు మెట్లెక్కుతాం.

మన దగ్గర బీటెక్ పిల్లల చేతుల్లో, అమీర్‌పేటలో డెవ్‌ఆప్స్, సైబర్ సెక్యూరిటీ కోర్సులు చేసేవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే మెషీన్‌నే తీసుకుందాం. విండోస్ 11, డీడీఆర్4 రకం 8జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి, పక్కన ఇంకో స్లాట్ ఖాళీ. విండోస్, బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, ఒక ఎడిటర్ తెరిస్తే నాలుగైదు జీబీ అక్కడికే అయిపోతుంది. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 24.04 డెస్క్‌టాప్‌కి 4జీబీ ఉంటే మంచిదని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు. రెండూ కలిపితే ఎనిమిది నిండిపోయి, విండోస్ మెమరీలోని సరుకును డిస్క్ మీదికి నెట్టడం మొదలుపెడుతుంది. మౌస్ ఆగి ఆగి కదలడం, ట్యాబ్ మారిస్తే తెల్ల స్క్రీన్ రావడం అప్పుడే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే ర్యామ్ ఆలోచన పక్కనపెట్టి ముందు ఎస్ఎస్‌డీ వేయించండి. రెండు ఓఎస్‌లు ఒకే హార్డ్ డిస్క్‌ని చెరో వైపు లాగుతుంటే 32జీబీ ర్యామ్ ఉన్నా బూట్ అవడానికే నిమిషాలు పడుతుంది.

ఎస్ఎస్‌డీ ఉందనుకుంటే, పైసా ఖర్చు లేని దారి ఒకటి ముందు చూడాలి. లినక్స్ కమాండ్లు, పైథాన్, డాకర్ నేర్చుకోవడమే మీ పని అయితే, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్2 చాలు. అందులో నడిచేది అసలైన లినక్స్ కర్నలే (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం). మామూలుగా అది మొత్తం ర్యామ్‌లో సగం వరకే వాడుకుంటుంది, ఇంకా తగ్గించాలంటే సెట్టింగ్స్ ఫైల్‌లో రెండు లైన్లు రాస్తే సరిపోతుంది. రెండు ఓఎస్‌లు పెట్టుకుని ఆన్ చేసేటప్పుడు ఒకదాన్ని ఎంచుకునే డ్యూయల్ బూట్ ఇంకో దారి: నడిచే ఓఎస్‌కే మొత్తం ర్యామ్ దక్కుతుంది. కానీ రెండు మెషీన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం చూడాలంటే, అంటే ఒకటి సర్వర్, ఇంకొకటి క్లయింట్ కావాలంటే, ఈ రెండు దారులూ అంతగా పనికిరావు. ర్యామ్ పెంచడం గురించి అక్కడే ఆలోచించాలి.

మొదటి దారి ఇంకో 8 కలిపి 16 చేయడం. ఒకే సైజు స్టిక్స్ రెండు ఉంటే డ్యూయల్ చానల్, అంటే రెండు స్టిక్స్‌నీ ఒకేసారి వాడుకుని వేగం పెంచే పద్ధతి, పూర్తిగా పనిచేస్తుంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ పనులన్నీ ర్యామ్ మీదే నడుస్తాయి కాబట్టి ఆ తేడా చేతికి తెలుస్తుంది. హోస్ట్‌కి, అంటే అసలు ల్యాప్‌టాప్‌లోని విండోస్‌కి, ఆరు వదిలినా గెస్ట్‌లకి, అంటే లోపల నడిచే ఓఎస్‌లకి, పది మిగులుతుంది. ఒక ఉబుంటు డెస్క్‌టాప్‌కి 4, దాంతోపాటు సెక్యూరిటీ పరీక్షలకి వాడే కాలీ లినక్స్‌కి 2 ఇచ్చి హాయిగా నడపొచ్చు. డెస్క్‌టాప్ లేని ఉబుంటు సర్వర్ అయితే ఇంకా తేలిక. చాలా మెషీన్ల మీద కంటైనర్లని నడిపించే కుబర్నెటీస్‌ని కుబెఆడ్మ్ అనే టూల్‌తో పెట్టేటప్పుడు ఒక్కో మెషీన్‌కి కనీసం 2జీబీ అడుగుతుంది. మూడు నోడ్‌లకి (మెషీన్లకి) ఆరు, అంటే 16లో అది కూడా పడుతుంది. సర్వర్లు నేర్చుకునేవాళ్లు గెస్ట్‌లో గ్రాఫికల్ డెస్క్‌టాప్ మానేసి బయటినుంచి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచే కమాండ్లు ఇచ్చే పద్ధతి) లాగిన్ అవడం అలవాటు చేసుకుంటే ర్యామ్ కొన్నంత లాభం. రేపు ఉద్యోగంలో చేసేదీ అదే.

16 ఎక్కడ చాలదంటే, విండోస్ గెస్ట్‌ల దగ్గర. ఆఫీసుల్లో యూజర్లని, కంప్యూటర్లని ఒకేచోటి నుంచి నిర్వహించే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ ల్యాబ్ పెట్టాలనుకోండి. డెస్క్‌టాప్‌తో ఉన్న విండోస్ సర్వర్‌కి 4 ఇవ్వందే పని సాగదు, విండోస్ 11 క్లయింట్‌కి మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస మెమరీయే 4జీబీ. దాడి చేసి చూడటానికి కాలీకి ఇంకో 2. మొత్తం పది. హోస్ట్‌కి ఆరు కలిపితే సరిగ్గా 16 దగ్గర అంచు తాకుతుంది. బ్రౌజర్‌లో ఒక వీడియో పెట్టగానే అంతా నత్తనడక.

ఇలాంటివాళ్లకి నేను చెప్పేది ఉన్న 8 అలాగే ఉంచి 16 స్టిక్ కలిపి 24 చేయమని. సైజులు వేరైతే డ్యూయల్ చానల్ పోతుందని చాలామందికి టెన్షన్. పూర్తిగా పోదు. ఇలాంటి జోడీని చాలా ల్యాప్‌టాప్‌లు రెండు భాగాలుగా చూస్తాయి: మొదటి 16 జంటగా, మిగిలిన 8 ఒంటరిగా నడుస్తాయి. వర్చువల్ మెషీన్లకి ఆ కొద్దిపాటి వేగం కన్నా మెమరీ సరిపడా ఉండటమే ముఖ్యం. కొనేముందు మీ మోడల్ 24 తీసుకుంటుందో లేదో మాత్రం కంపెనీ సైట్‌లో చూసుకోండి.

రెండు 16లు వేసి 32 చేయడం బాగానే ఉంటుంది గానీ, అప్పుడు పాత 8 స్టిక్ డ్రాయర్‌లోకి పోతుంది. 2025 ద్వితీయార్ధం నుంచి ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మామూలు కొనుగోలుదారులకి క్రూషియల్ పేరుతో అమ్మడం ఆపేస్తామని మెమరీ చిప్‌ల కంపెనీ మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. ఈ రోజుల్లో పనిచేస్తున్న స్టిక్‌ని పక్కనపడేయడానికి నాకు మనసొప్పదు. రోజూ నాలుగైదు గెస్ట్‌లు నడిపేవాళ్లు, సెక్యూరిటీ ల్యాబ్‌లే జీవనోపాధి అయినవాళ్లు 32కి వెళ్లాలి. ఒకటి రెండు ఓఎస్‌లు నేర్చుకోవడానికే అయితే 16 చాలు, మిగిలిన డబ్బు పెద్ద ఎస్ఎస్‌డీకి పెట్టండి.

కొనేముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ పేజీ తెరవండి. కింద వేగం, స్లాట్స్ యూజ్డ్ దగ్గర '1 ఆఫ్ 2' లాంటి వివరం, ఫామ్ ఫ్యాక్టర్ (ర్యామ్ ఆకారం) ఉంటాయి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికించి ఉందని అర్థం, ఖాళీ స్లాట్ ఇంకేమైనా ఉందేమో వెనక మూత విప్పించి చూడండి. సన్నటి ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో, యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లన్నిటిలో తర్వాత పెంచుకునే దారి లేదు. అక్కడే సీపీయూ పేజీలో వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే బయోస్‌లో (ఓఎస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్) ఇంటెల్‌కి వీటీ-ఎక్స్, ఏఎండీకి ఎస్‌వీఎమ్ ఆన్ చేయాలి. ఇంకో సంగతి: వర్చువల్‌బాక్స్ విండో కింద ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే అది విండోస్ సొంత వర్చువలైజేషన్ అయిన హైపర్-వీ మీదుగా నెమ్మదిగా నడుస్తోందన్నమాట. ఆ నెమ్మది ర్యామ్ పెంచితే పోదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్లేటప్పుడు పాత స్టిక్ మీద స్టిక్కర్ ఫొటో తీసుకెళ్లండి. '8జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ4-3200ఏఏ' లాంటి వరుస ఉంటుంది. పీసీ4 అంటే డీడీఆర్4, 3200 వేగం. తక్కువ వేగం స్టిక్ కలిపితే రెండూ ఆ తక్కువ వేగానికే దిగుతాయి. డీడీఆర్5 అయితే గాడి వేరేచోట ఉంటుంది, స్లాట్‌లో కూర్చోదు. సెకండ్ హ్యాండ్ ర్యామ్ కొనడానికి భయపడక్కర్లేదు. ఎస్ఎస్‌డీలా రాసిన కొద్దీ అరిగే వస్తువు కాదు. పనిచేయకపోతే మార్చి ఇస్తానని షాపువాడి చేత బిల్లు మీద రాయించుకోండి.

బిగించేటప్పుడు చార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ విప్పి, స్టిక్‌ని ఏటవాలుగా బంగారు పళ్లు దాదాపు కనపడకుండా పోయేదాకా లోపలికి నెట్టి, కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్‌మంటాయి. సగం దిగిన స్టిక్‌తో ఆన్ చేస్తే స్క్రీన్ రాదు, స్టిక్ పోయిందని కంగారుపడతారు. ఆన్ అయ్యాక రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా, రెండు స్టిక్స్‌నీ విడివిడిగా పెట్టి ఏది చెడ్డదో చూసి, కొత్తదే అయితే మర్నాడే తిరిగిచ్చేయండి. చెడ్డ ర్యామ్‌తో నడిపితే వర్చువల్ డిస్క్ ఫైల్ పాడై నెలల తరబడి కట్టుకున్న ల్యాబ్ మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు.